మంచం దిగిన వృద్ధులు

పెద్ద పట్టణాలలోని ఆసుపత్రులలో ఉదయం పూట తరచు కనిపించే దృశ్యం ఒకటి ఉన్నది. డెబ్భై అయిదేళ్లు దాటిన ముసలమ్మగారు కూతురి చేయి పట్టుకొని నెమ్మదిగా నడచి వస్తుంది. కూతురి చేతిలో ఒక గుడ్డసంచి. సంచి నిండా మందులు. గుండె డాక్టరుగారు వ్రాసినవి కొన్ని, మధుమేహానికి మరొకరు ఇచ్చినవి కొన్ని, మోకాళ్ల నొప్పులకు ఇంకొకరివి, నిద్రపట్టడానికి వీధి చివర మందులషాపువాడు ఇచ్చినవి రెండు. ఎవరికి వారు తమ పని సక్రమంగానే చేశారు. గుండె బాగానే కొట్టుకొంటున్నది. చక్కెర అదుపులోనే ఉన్నది. అయినా ఆమెకు లేచి నిలబడితే కళ్లు తిరుగుతున్నవి, అన్నం సయించడం లేదు, నిరుడు బావిదాకా నడచిన మనిషి ఈ ఏడు వీధి అరుగు దిగడం లేదు. "అమ్మకు అసలు జబ్బేమిటండీ?" అని కూతురు అడుగుతుంది. ఆ ప్రశ్నకు సూటి సమాధానం చెప్పగల డాక్టరు ఆ నలుగురిలో ఏ ఒక్కరూ కాదు.

ఒకే దేహంలో మూడు నాలుగు దీర్ఘవ్యాధులు చేరి కాపురం చేస్తుంటే వైద్యుడు దేనిని పట్టుకోవాలి? ఈ ప్రశ్నను వైద్యశాస్త్రం గట్టిగా అడగడం మొదలుపెట్టి నిండా నూరేళ్లు కాలేదు. అంతకుముందు వృద్ధాప్యంలోని బాధలన్నిటికీ "ముసలితనం" అనే ఒక్క మాటే సమాధానంగా ఉండేది. ఆ మాటను కదిలించినవారి చరిత్ర విచిత్రమైనది. అందులో కొంత భాగం గొప్ప విశ్వవిద్యాలయాలలో జరిగినది. ముఖ్యమైన భాగం మాత్రం బిచ్చగాళ్ల ఆశ్రమం వంటి ఒక చోట జరిగినది.

ప్రాచీనులు వృద్ధాప్యాన్ని పట్టించుకోలేదని కాదు. ఆయుర్వేదంలోని ఎనిమిది అంగాలలో జరాచికిత్స ఒకటి; రసాయనతంత్రమని దానికి మరో పేరు. చరకసంహిత నిదానస్థానంలో ఒక హెచ్చరిక కూడా ఉన్నది: ఒక వ్యాధిని అణచి మరొక వ్యాధిని రేపే చికిత్స శుద్ధమైన చికిత్స కాదని దాని తాత్పర్యం. ఈ సూత్రం విలువ ఎంతటిదో ఇరవయ్యో శతాబ్దం చివరకు గాని పాశ్చాత్యవైద్యానికి బోధపడలేదు. ఆ కథ తరువాత వస్తుంది. అయితే జరాచికిత్స లక్ష్యం ప్రధానంగా ముసలితనాన్ని వాయిదా వేయడం. వచ్చి మీదపడిన నాలుగు రోగాలతో బ్రతుకు ఈడ్చడం ఎట్లా అన్నది వేరే సమస్య.

ఐరోపాలో ఈ విషయాన్ని శాస్త్రదృష్టితో పరిశీలించినవారిలో ముఖ్యుడు ఫ్రెంచి వైద్యుడు షార్కో. పారిస్‌లోని సాల్పెత్రియేర్ అనే ఆసుపత్రి ఆయన పనిచేసిన చోటు. దిక్కులేని ముసలి స్త్రీలు వేలకొద్దీ అక్కడ ఉండేవారు. నాడీమండల వ్యాధుల పరిశోధకుడుగానే షార్కో పేరు లోకానికి తెలుసు. కాని 1867లో ఆయన ప్రచురించిన ఉపన్యాసాలు వృద్ధుల వ్యాధులను, దీర్ఘవ్యాధులను గురించినవి. ముసలివారి దేహంలో అవయవాలు ఒకదానితో ఒకటి సంబంధం లేనట్లు విడివిడిగా బాధపడతాయని ఆయన గమనించాడు. పడుచువానికి ఊపిరితిత్తులలో వాపు వస్తే జ్వరం, వణుకు, నొప్పి, దగ్గు అన్నీ కలిసి వచ్చి ఊరంతా చాటుతాయి. ముసలివానిలో అదే వ్యాధి చడీచప్పుడు లేకుండా పని ముగిస్తుంది. చర్మం చల్లగా ఉన్నా లోపల జ్వరం ఉండవచ్చునని, కాబట్టి ఉష్ణమాపకంతో దేహాంతర్భాగపు వేడిని కొలవాలని ఆయన పట్టుబట్టాడు. చేత్తో నుదురు ముట్టుకొని "జ్వరం లేదు" అనే అలవాటు మన ఇళ్లలో ఇప్పటికీ ఉన్నది గదా!

వృద్ధవైద్యానికి ఇంగ్లీషులో ఉన్న "జీరియాట్రిక్స్" అనే పేరు అమెరికాలో పుట్టినది. ఇగ్నాజ్ నాషర్ అనే వైద్యుడు 1863లో వియన్నాలో జన్మించి, పసితనంలోనే న్యూయార్కు చేరాడు. ఆయన చెప్పుకొన్న ఒక సంగతి ప్రసిద్ధమైనది. విద్యార్థిగా ఉన్న రోజులలో అనాథశాలకు వెళ్లినప్పుడు ఒక ముసలమ్మ కుంటుకుంటూ వచ్చి తన బాధ చెప్పుకొన్నది. ఆమె జబ్బేమిటని అడిగితే, ముసలితనమేనని గురువు జవాబిచ్చాడట. చేయగలిగినదేమిటని అడిగితే, ఏమీ లేదన్నాడట. ఆ "ఏమీ లేదు" అన్న మాట నాషర్ మనస్సులో ముల్లులా నిలిచిపోయినది. పసిపిల్లల వైద్యానికి వేరే పేరు, వేరే శాఖ ఉన్నప్పుడు ముసలివారికి ఎందుకు ఉండరాదని 1909లో ఒక వ్యాసంలో ఈ కొత్తపేరును ప్రతిపాదించాడు. 1914లో పెద్ద గ్రంథమే వ్రాశాడు. పేరు స్థిరపడినది. రోగులు మాత్రం ఉన్నచోటనే ఉన్నారు.

వారు ఎక్కడ ఉన్నారో తెలియాలంటే ఇంగ్లండు పోవాలి. అక్కడ 1834లో చేసిన పేదల చట్టం ప్రకారం, గతిలేనివారిని "వర్క్‌హౌస్" అనే పనిశాలలలో చేర్చుకొనేవారు. పని చేయగలిగినవారిచేత కష్టమైన పని చేయించి, పిడికెడు తిండి పెట్టి, మళ్లీ ఇటువైపు రాకుండా చేయడమే ఆ ఏర్పాటు వెనుక ఉన్న ఆలోచన. కాలక్రమేణా పని చేయగలిగినవారు బయటపడ్డారు. మిగిలినవారు రోగులు, వికలాంగులు, ముసలివారు. పనిశాలకు అనుబంధంగా ఉన్న రోగుల వార్డులు ఈ విధంగా నిండిపోయినవి. పేరున్న ఆసుపత్రులు, అంటే వైద్యవిద్యార్థులకు శిక్షణ ఇచ్చే దాతృత్వ ఆసుపత్రులు, త్వరగా నయమయ్యే రోగాలనే చేర్చుకొనేవి. దీర్ఘవ్యాధిగ్రస్తులకు అక్కడ చోటు లేదు. వైద్యవిద్యార్థి ఎన్నడూ చూడని రోగిని గురించి వైద్యశాస్త్రం ఆలోచించకపోవడంలో వింత లేదు. 1929లో ఒక చట్టం ద్వారా ఈ పేదల సంస్థలను స్థానిక ప్రభుత్వాలకు అప్పగించే వీలు కల్పించారు. లండను పడమటి శివారులోని ఐల్‌వర్త్‌లో ఉన్న వెస్ట్ మిడిల్‌సెక్స్ ఆసుపత్రి, ఆ క్రమంలోనే 1935లో ప్రక్కనున్న పనిశాల రోగుల వార్డులను కూడా తన క్రిందికి తీసుకొన్నది.

ఆ వార్డుల బాధ్యత మార్జరీ వారెన్ అనే డాక్టరమ్మగారి మీద పడినది. ఆమె 1897లో పుట్టి, 1923లో వైద్యపట్టం పుచ్చుకొని, 1926 నుండి అక్కడే పనిచేస్తున్నారు. ఆమెకు అభిరుచి శస్త్రచికిత్సలో. అందులో మంచి అనుభవం కూడా సంపాదించారు. ముసలివారి వైద్యం ఆమె కోరి తెచ్చుకొన్నది కాదు. ప్రసూతి రోగులను, మతిస్థిమితం లేనివారిని తగిన విభాగాలకు పంపగా ఆమెకు 714 మంది మిగిలారు. వారిలో కొందరు ఏళ్ల తరబడి మంచం దిగనివారు. వారు ఎందుకు మంచం పట్టారో వ్రాసి పెట్టిన కాగితం లేదు. రోగనిర్ణయం అన్నదే జరగలేదు. పక్షవాతం వచ్చిన ముసలివాడు, తుంటి విరిగిన ముసలమ్మ, గుండెజబ్బుతో కాళ్లు వాచిన మనిషి, చూపు మందగించి భయంతో నడక మానుకొన్న మనిషి, అందరూ ఒకే వరుసలో, ఒకే రకమైన మంచం మీద, ఒకే పేరుతో పడి ఉన్నారు. ఆ పేరు "దీర్ఘరోగి".

వారెన్ చేసిన మొదటిపని చెప్పుకోవడానికి చాలా సామాన్యమైనది. ఆమె ప్రతి రోగినీ తల నుంచి కాలిదాకా పరీక్ష చేశారు. పరీక్షించినకొద్దీ ఒక్కొక్కరిలో ఒక్క వ్యాధి కాక అనేకం బయటపడినవి. అందులో కొన్ని నయమయ్యేవి. కొన్ని నయం కాకపోయినా తగ్గించదగినవి. మరికొన్ని అసలు వ్యాధులే కావు, మంచంమీద పడి ఉండటం వల్ల వచ్చిన చెరుపులు. బిగుసుకుపోయిన మోకాళ్లు, వీపుమీద పుండ్లు, మలబద్ధకం, ఎవరితోనూ మాట్లాడక మొద్దుబారిన బుద్ధి ఈ చివరి తెగలోనివి.

తరువాత ఆమె రోగులను విభజించారు. ఈ విభజన ప్రత్యేకంగా గమనింపదగినది. గుండెరోగులు, కీళ్లరోగులు, మూత్రపిండాల రోగులు అని వ్యాధినిబట్టి చేసిన విభజన కాదది. ఆమె పెట్టిన తెగలు అయిదు: లేచి తిరుగగలవారు, మంచం పట్టినా మలమూత్రాలు అదుపులో ఉన్నవారు, అవి అదుపులో లేనివారు, మతి తప్పినా నెమ్మదిగా ఉండేవారు, మతి తప్పి, ఇతరులతో కలిపి ఉంచడానికి వీలులేనివారు. అంటే రోగి దేహంలో ఏమి చెడినదన్నది కాక, రోగి ఏమి చేయగలడన్నది కొలబద్ద అయినది. నాలుగు వ్యాధులున్న మనిషిని ఏదో ఒక వ్యాధి క్రింద జమకట్టడం కుదరని పని. కాని ఆ మనిషి తనంతట తాను లేచి స్నానాలగది దాకా పోగలడా లేడా అన్నది చూసి చెప్పవచ్చును. అనేక వ్యాధుల చిక్కుముడికి ఆమె ఈ కొసనుంచి చేయి వేశారు.

ఆపైన గదుల సంగతి. మాసిన గోడలకు లేతరంగులు వేయించారు. దీపాలు పెంచారు. మంచాలు, బల్లలు మార్పించారు. పట్టుకొని నడవడానికి గోడల వెంట కమ్మీలు బిగించారు. నడక నేర్పేవారు, చేతిపనులు నేర్పేవారు, ఇంటి పరిస్థితులు విచారించే సంఘసేవికలు, నర్సులు, డాక్టర్లు ఒకే రోగిని గురించి కలిసి మాట్లాడుకొనే పద్ధతి పెట్టారు. పక్షవాతం వచ్చినవారిని వీలైనంత త్వరగా లేపి కూర్చోబెట్టడం, నిలబెట్టడం, అడుగులు వేయించడం ఆమెకు పట్టుదల. ఇందులో ఒక్క కొత్తమందు లేదు. కొత్త యంత్రం లేదు. పెనిసిలిన్ కూడా ఇంకా వైద్యుల చేతికి రాని రోజులవి.

ఫలితం అంకెలలో చెప్పవలసి వస్తే, 714 మంచాలు కావలసిన చోట కొంతకాలానికి 240 సరిపోయినవి. మిగిలిన మంచాలను క్షయరోగుల చికిత్సకు ఇచ్చారు. చాలామంది వృద్ధులు ఇళ్లకో, ఆశ్రమాలకో వెళ్లారు. అందరూ నయమై వెళ్లారనుకోవడం పొరపాటు. వారి గుండెజబ్బు, కీళ్లవాతం వారితోనే వెళ్లినవి. వారు వ్యాధులతోనే వెళ్లారు, అయితే కాళ్లమీద నడచి వెళ్లారు.

1943లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో, 1946లో లాన్సెట్‌లో వారెన్ ఈ అనుభవాన్ని వ్యాసాలుగా ప్రకటించారు. వృద్ధవైద్యం ప్రత్యేకశాఖ కావాలని, ఆ వార్డులు ఊరిబయట కాక సామాన్య ఆసుపత్రిలోనే ఉండాలని, వైద్యవిద్యార్థులు అక్కడ తప్పక శిక్షణ పొందాలని ఆమె వాదించారు. అదేకాలంలో లయొనెల్ కోసిన్ అనే శస్త్రవైద్యుడు ఎసెక్స్ జిల్లాలో తుంటి విరిగిన వృద్ధులకు శస్త్రచికిత్స చేసి వెంటనే నడిపించసాగాడు. 1947లో ఇటువంటి వైద్యులు కొందరు చేరి ఒక సంఘం పెట్టుకొన్నారు. నేటి బ్రిటిష్ జీరియాట్రిక్స్ సొసైటీ అదే. ఆ ఏడే రిచర్డ్ ఆషర్ అనే వైద్యుడు పడక వల్ల కలిగే ప్రమాదాలను గురించి ఒక చిన్న వ్యాసం ప్రకటించాడు. పడుకోబెట్టడమే వైద్యమనుకొనే రోజులలో అది కొరడాదెబ్బవంటిది. ఊపిరితిత్తులు, రక్తనాళాలు, చర్మం, కీళ్లు, కండలు, ఎముకలు, మూత్రాశయం ఇట్లా ఒక్కొక్క భాగం చొప్పున పడక చేసే చెరుపును లెక్కపెట్టాడు. చాలాకాలం తరువాత, 2007లో ప్రకటించిన ఒక అమెరికన్ ప్రయోగంలో, ఆరోగ్యవంతులైన వృద్ధులను 10 రోజులు మంచం దిగనీయకుండా ఉంచి కొలిచి చూశారు. వారి కాళ్లలో దాదాపు ఒక కిలో కండ కరిగిపోయినది. పదిరోజులంటే మన ఇళ్లలో ఒక జ్వరానికి "నువ్వు కదలకు తాతయ్యా" అని పెట్టే గడువే.

మార్జరీ వారెన్ 1960లో రోడ్డుప్రమాదంలో గాయపడి మరణించారు. అప్పటికి ఆమె వార్డులను చూడటానికి ఇతర దేశాలనుంచి వైద్యులు వచ్చిపోతుండేవారు.

ఆసుపత్రిలో ఉన్నవారి సంగతి ఇట్లా తేలినది. ఇళ్లలో ఉన్న వృద్ధుల మాటేమిటి? 1948లో జోసెఫ్ షెల్డన్ అనే వైద్యుడు వుల్వర్‌హాంప్టన్ పట్టణంలోని వృద్ధుల జీవితాన్ని పరిశీలించి ఒక పుస్తకం ప్రకటించాడు. 1964లో ఎడింబరోలో జేమ్స్ విలియమ్సన్, అతని సహచరులు ఇళ్లలో కాపురముంటున్న 200 మంది వృద్ధులను శ్రద్ధగా పరీక్షించారు. ఒక్కొక్కరిలో సగటున మూడుకు పైగా లోపాలు కనిపించినవి. అందులో సగానికి పైగా వారి సొంత డాక్టరుకు తెలియనే తెలియవు. డాక్టరు వద్దకు పోవడానికి డబ్బు లేక కాదు. అప్పటికి అక్కడ వైద్యం ఉచితం. పాదాలు నొప్పి, చెవి వినపడకపోవడం, మూత్రం ఆగకపోవడం, మతిమరుపు, ఇవన్నీ "వయస్సుతో వచ్చినవి" అనుకొని వారు చెప్పుకోలేదు. నాషర్ గురువు అన్న మాటను ఇప్పుడు రోగులే తమకు తాము చెప్పుకొంటున్నారన్నమాట.

ఇక్కడ చరిత్ర ఒక మలుపు తిరిగినది. అదే సమయంలో వైద్యశాస్త్రం ఇంకొక దిక్కుగా మహావేగంతో ముందుకు పోతున్నది. బ్రిటనులో స్ట్రెప్టోమైసిన్ మందును క్షయరోగులపై పరీక్షించి 1948లో ఫలితాలు ప్రకటించారు. ఏ రోగికి మందు ఇవ్వాలో, ఏ రోగికి ఇవ్వరాదో చీట్లు వేసినట్లు యాదృచ్ఛికంగా నిర్ణయించే పద్ధతికి ఇది మార్గదర్శి. ఆ పరీక్షలో ఎన్నుకొన్న 107 మంది రోగులూ ఒకే రకమైన క్షయ ఉన్నవారు. వయస్సు 15 మొదలు 25 ఏళ్లు, తరువాత 30 దాకా పొడిగించారు. తూకంలో రెండువైపులా ఒకేరకం సరుకు ఉంటేనే తేడా తెలుస్తుంది. కాబట్టి శాస్త్రరీత్యా అది సరైన ఎన్నిక. కాని ఈ పద్ధతి అన్ని వ్యాధులకూ ప్రాకినకొద్దీ ఒక చిక్కు ఏర్పడినది. రక్తపోటు మందును పరీక్షించేటప్పుడు మూత్రపిండాలు చెడినవారిని, మరో జబ్బు ఉన్నవారిని, బాగా ముసలివారిని తరచుగా ప్రక్కకు తీసేవారు. మందు బజారులోకి వచ్చిన తరువాత దానిని ఎక్కువగా మ్రింగవలసినవారు ఆ తీసివేయబడినవారే!

ఈ చిక్కును గుర్తించి దానికి పేరు పెట్టినవాడు అమెరికాలో యేల్ విశ్వవిద్యాలయపు ఆల్వాన్ ఫైన్‌స్టైన్. ఆయన వైద్యానికి రాకపూర్వం గణితం చదివాడు. పరిశీలిస్తున్న వ్యాధితోపాటు రోగిలో ఉండే ఇతర వ్యాధులకు 1970లో ఆయన "కోమార్బిడిటీ" అని పేరు పెట్టాడు; తెలుగులో సహవ్యాధి అనుకోవచ్చును. ఇద్దరికి ఒకే రకం పుట్టకురుపు ఉన్నా, ఒకరికి గుండె బలహీనమైతే వారి భవిష్యత్తు ఒకటి కాదు. ఈ తేడాను లెక్కలోకి తీసుకోకపోతే చికిత్సాఫలితాలు తప్పుగా తేలుతాయని ఆయన వాదన. 1987లో మేరీ చార్ల్‌సన్ ఒక అడుగు ముందుకు వేసి, సహవ్యాధులకు బరువులు కట్టి కూడే సూచికను తయారుచేసింది. ఒక్కొక్క వ్యాధికి దాని తీవ్రతనుబట్టి కొన్ని మార్కులు. మొత్తం పెరిగినకొద్దీ ఏడాదిలోపల మరణించే అవకాశం ఎక్కువ. సూచిక ఎంతో ఉపయోగపడినది. అయినా అది లెక్కించేది చావును. రోగి అడిగేది బ్రతుకును గురించి.

వారెన్ మార్గాన్ని చీట్లపద్ధతితోనే పరీక్షించే సమయం కూడా వచ్చినది. లాస్ ఏంజిలిస్ సమీపంలోని సెపుల్వెడాలో మాజీ సైనికుల ఆసుపత్రి ఒకటి ఉండేది. లారెన్స్ రూబెన్‌స్టైన్, అతని సహచరులు అక్కడ 123 మంది బలహీనులైన వృద్ధులను రెండు జట్లుగా విభజించారు. ఒక జట్టుకు మామూలు వైద్యం. రెండవ జట్టును ప్రత్యేకవార్డులో చేర్చి, డాక్టరు, నర్సు, సంఘసేవకుడు మొదలైనవారు కలిసి సమగ్రంగా పరీక్షించి చికిత్స నిర్ణయించారు. 1984లో ప్రకటించిన ఫలితం చూచినవారు ఆశ్చర్యపడ్డారు. ఏడాదిలో మామూలు జట్టులో 48.3 శాతం మరణించగా, ప్రత్యేకవార్డు జట్టులో మరణాలు 23.8 శాతం మాత్రమే. ఏ మందుకైనా ఇటువంటి ఫలితం వచ్చి ఉంటే పత్రికలన్నీ మారుమ్రోగేవి.

ఇక మందుల సంగతి. ఇందులో కొంత లెక్క ఉన్నది. ఓపికపట్టి చేసి చూడవచ్చును. అనేక మందులను దేహంనుండి బయటకు పంపేవి మూత్రపిండాలు. వయస్సుతో సాధారణంగా వాటి శక్తి తగ్గుతుంది. ఆ శక్తిని తెలుసుకోవడానికి రక్తంలోని క్రియాటినిన్ అనే పదార్థాన్ని కొలుస్తారు. క్రియాటినిన్ కండలలో తయారై మూత్రంలో పోతుంది. ముసలివారికి కండ తగ్గిపోతుంది కాబట్టి తయారీ తగ్గుతుంది. మూత్రపిండాలు మందగించినందువల్ల పోయేదీ తగ్గుతుంది. తొట్టిలోకి పడే ధార సగమై, తూము కూడా సగం పూడితే నీటిమట్టం మారదు. ఆ మట్టాన్ని మాత్రమే చూచినవాడు తూము బాగున్నదనుకొంటాడు. 1976లో కాక్‌క్రాఫ్ట్, గాల్ట్ అనే ఇద్దరు దీనికొక సులభసూత్రం ఇచ్చారు. 140 నుండి వయస్సును తీసివేసి, కిలోలలో బరువుతో గుణించి, వచ్చినదానిని క్రియాటినిన్‌కు 72 రెట్లతో భాగించాలి, స్త్రీలకైతే 0.85తో మళ్లీ గుణించాలి. క్రియాటినిన్ 1.0 మిల్లీగ్రాము ఉన్న ముప్ఫై ఏళ్ల, 70 కిలోల యువకుని విషయంలో నిమిషానికి 107 మిల్లీలీటర్లు వస్తుంది. రక్తపరీక్షలో అదే 1.0 వచ్చిన ఎనభై ఏళ్ల, 50 కిలోల ముసలమ్మగారికి వచ్చేది 35. చీటీమీద అంకె ఒకటే. మూత్రపిండాల శక్తి మూడోవంతు. గుండెకు ఇచ్చే డిగాక్సిన్ వంటి మందు ముఖ్యంగా మూత్రపిండాల ద్వారానే పోతుంది. యువకుని మోతాదు ఆమెకు ఇస్తే అది రోజురోజుకు దేహంలో పేరుకొంటుంది.

పేరుకొన్నప్పుడు ఏమవుతుంది? అన్నం సయించదు, వాంతి వచ్చినట్లుంటుంది. అది మందువల్ల వచ్చినదని గుర్తించకపోతే వాంతికి వేరొక మందు పడుతుంది. వాంతులు తగ్గించే మెటోక్లోప్రమైడ్ వల్ల కొందరు వృద్ధులకు చేతులు వణకడం, దేహం బిగుసుకోవడం వస్తాయి. అది చూచి కంపవాతమని భావించి దానికి మూడోమందు ఇచ్చినవారున్నారని 1995లో అమెరికన్ పరిశోధకులు నిరూపించారు. అట్లాగే మోకాళ్లనొప్పుల మాత్రలు రక్తపోటును పెంచగా, ఆ రక్తపోటుకు కొత్తమందు మొదలయ్యేది. పౌలా రోషన్, జెర్రీ గుర్విట్జ్ 1997లో ఈ వరుసను మెట్లుమెట్లుగా దూకే జలపాతంతో పోల్చి పేరు పెట్టారు. చరకుడు చెప్పిన అశుద్ధచికిత్స ఇదే. వృద్ధులకు సాధ్యమైనంతవరకు ఇవ్వకూడని మందుల పట్టికను మార్క్ బీర్స్ 1991లోనే తయారుచేశాడు. దానిని నేటికీ ఎప్పటికప్పుడు సవరిస్తున్నారు. సంచిలోని మందులన్నిటినీ బల్లమీద పోయించి, ఒక్కొక్కటి ఎందుకు మొదలైనదో, ఇంకా అవసరమా అని అడిగే ఆచారం దీనినుండి బలపడినది. ఏ మందునైనా రోగి తనంతట తాను హఠాత్తుగా మానడం మాత్రం ప్రమాదం. మానిపించడానికి కూడా ఒక క్రమం ఉన్నది.

ఒక్కొక్క వ్యాధికి నిపుణులు వ్రాసిన నియమాలను అక్షరాలా పాటిస్తే ఏమవుతుందో 2005లో సింథియా బాయిడ్ అనే వైద్యురాలు, ఆమె సహచరులు లెక్కవేశారు. వారు 79 ఏళ్ల స్త్రీని ఒకరిని ఊహించుకొన్నారు. ఆమెకు ఊపిరితిత్తుల దీర్ఘవ్యాధి, మధుమేహం, ఎముకల బోలుతనం, రక్తపోటు, కీళ్ల అరుగుదల, మొత్తం అయిదు. నియమాల ప్రకారం ఆమె 12 రకాల మందులను రోజుకు అయిదు వేళలలో 19 మోతాదులుగా మ్రింగవలసి వచ్చినది. నెలకు ఖర్చు 406 డాలర్లు. ఇవిగాక పథ్యాలు, వ్యాయామాలు, పరీక్షలు. ఒక నియమం చేయమన్నది మరొక వ్యాధికి పడదు కూడాను. ఏ ఒక్క నియమమూ తప్పు కాదు. అన్నీ కలిపితే మాత్రం మూలిగే నక్కమీద తాటిపండు పడ్డట్లే.

అనేక వ్యాధులు ముసలితనానికే పరిమితమన్న భావం కూడా తరువాత సడలినది. స్కాట్లండులో 314 వైద్యశాలలలో నమోదైన 17,51,841 మంది వివరాలను పరిశీలించి 2012లో ఒక నివేదిక ప్రకటించారు. వారిలో 23.2 శాతం మందికి రెండుగాని అంతకుమించిగాని దీర్ఘవ్యాధులున్నవి. వృద్ధులలో శాతం ఎక్కువే. కాని తలలు లెక్కబెడితే 65 ఏళ్లలోపు వారే అధికసంఖ్యలో తేలారు. పేదల పేటలలో ఈ బహువ్యాధి స్థితి సంపన్నుల పేటలకంటే 10 మొదలు 15 ఏళ్లు ముందుగానే వస్తున్నది. పేదల పనిశాలలో మొదలైన కథ మళ్లీ పేదల వద్దకే వచ్చి చేరినది.

మన దేశంలో ఈ ప్రశ్న ఆలస్యంగా లేచినదంటే కారణం ఉన్నది. 1951 ప్రాంతంలో భారతీయుని సగటు ఆయుర్దాయం సుమారు 32 ఏళ్లు. కలరా, మలేరియా, క్షయ, ప్రసూతి మరణాలు పెద్దసమస్యలుగా ఉన్నప్పుడు ఎనభై ఏళ్లవారి మోకాళ్లనొప్పిని ఎవరు పట్టించుకొంటారు? తరువాత ఆయుర్దాయం రెట్టింపుకు మించినది. 2011 జనాభా లెక్కలలో 60 ఏళ్లు దాటినవారు 10 కోట్లకు పైగా తేలారు. వృద్ధవైద్యానికి పునాది మద్రాసులో పడినది. అక్కడి ప్రభుత్వ జనరల్ ఆసుపత్రిలో 1978లో డాక్టర్ వి. ఎస్. నటరాజన్ వృద్ధులకొక ప్రత్యేకవిభాగం ఆరంభించారు. 1996లో మద్రాసు వైద్యకళాశాలలో ఈ శాఖలో ఎం. డి. చదువు మొదలయినది. వృద్ధుల ఆరోగ్యరక్షణకు కేంద్రప్రభుత్వం 2010లో ఒక జాతీయ కార్యక్రమం ప్రారంభించినది. 2017, 2018 సంవత్సరాలలో 45 ఏళ్లు దాటిన 72,000 పైచిలుకు మందిని ఇంటింటికీ వెళ్లి పరిశీలించిన జాతీయసర్వే కూడా జరిగినది. పడమటి దేశాలు ముందు సంపన్నమై తరువాత ముసలివైనవి. మన వంటి దేశాలకు ఆ వెసులుబాటు లేదు. పైగా అక్కడ సంఘసేవిక చేసే పనిని ఇక్కడ ఇంటి కోడలో, కూతురో చేస్తున్నది. ఆమె ఉద్యోగరీత్యా మరో ఊరు వెళ్తే ఆ పని చేసేవారు లేరు.

చికిత్సావిధానం పూర్తిగా తేలిపోయినదా అంటే లేదు. మూడు లేదా అంతకుమించి దీర్ఘవ్యాధులున్న 1,546 మందిపై ఇంగ్లండు, స్కాట్లండులలోని 33 వైద్యశాలలలో జరిగిన పెద్దపరీక్ష ఫలితాలు 2018లో వెలువడినవి. విడివిడిగా ఒక్కొక్క వ్యాధికి పిలిచే బదులు, ఆరునెలలకొకసారి నర్సు, మందుల నిపుణుడు, డాక్టరు కలిసి మనిషిని మొత్తంగా పరిశీలించే పద్ధతి అందులో పెట్టారు. రోగి తనకు అన్నిటికంటే ముఖ్యమైన బాధ ఏమిటని మొదట అడిగేవారు. పదిహేను నెలల తరువాత కొలిచిచూస్తే, జీవితపు నాణ్యతను కొలిచే మార్కులలో రెండు జట్లకూ తేడా రాలేదు. పరిశోధకులు నిరాశపడిన మాట నిజమే. కాని తమ మాట వైద్యులు విన్నారని, తమకు కావలసినదేమో అడిగి వైద్యం చేశారని చెప్పినవారు కొత్తపద్ధతి జట్టులో స్పష్టంగా ఎక్కువగా ఉన్నారు. ఇది లాభమా కాదా అన్న వాదం వైద్యపత్రికలలో సాగుతూనే ఉన్నది.